భద్రావతి ఐదో బారసాల

బోర్డు మీద 1452

చిరాయు నిలయం, రెండో అంతస్తు, పద్నాలుగో గది. రాస్తున్నది దీవెనమ్మ, వయసు ఎనభై మూడు, రిటైరైన స్టాఫ్ నర్సు. ముప్పై ఎనిమిదేళ్లు డ్యూటీ రిజిస్టరు రాసిన చెయ్యి ఊరుకోదు కాబట్టి రాస్తున్నాను. నన్నెవరూ అడగలేదు. ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. అడిగేది గోడలో పెట్టిన మాట్లాడే యంత్రం, మేమంతా గోడ అనే అంటాం; మా తరఫున జవాబు చెప్పుకునేదీ గోడే.

తేదీలు వెయ్యను. ఈ ఇంట్లో తేదీకి విలువ లేదు. భోజనాల హాలు గుమ్మానికి ఎదురుగా ఒక బోర్డుంది: ‘మరణం లేని రోజులు’. దాని కింద అంకె. పూర్వం ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ప్రమాదం లేని రోజులని రాసేవారు, అలాంటిదే. అది 1500కు చేరితే చిరాయు నిలయానికి ‘అక్షయ గృహం’ అని బిరుదిస్తారట. మా మేనేజరు లోహిత్ రోజూ టిఫిన్‌కు ముందు ఆ అంకెకు దండం పెట్టుకుంటాడు. వెటకారానికి రాయడం లేదు, నిజంగానే పెట్టుకుంటాడు. ఇడ్లీలు చల్లారుతుంటే మేమంతా చూస్తూ కూర్చుంటాం.

మరణం లేదంటే ఎవరూ చావడం లేదని కాదు. వారానికి ఒకరో ఇద్దరో పోతూనే ఉన్నారు. పోయినవాళ్లను పోనివ్వడం లేదు, అంతే. జాకెట్టు కిందా చొక్కా కిందా అందరికీ ఒక పట్టీ ఉంటుంది. గుండె ఆగిన పన్నెండో సెకనుకు అది బిగుసుకుని రొమ్మును అదమడం మొదలుపెడుతుంది, సూది పొడుస్తుంది, కరెంటు కొడుతుంది. గుండె మళ్లీ కొట్టుకునేదాకా వదలదు. నా రోజుల్లో ఈ పని నేను చేతులతో చేశాను. అరగంట చేస్తే భుజాలు పడిపోయేవి. అప్పుడు డాక్టరు నా ముఖం చూసి “ఇక చాలు సిస్టర్” అనేవాడు. ఈ పట్టీకి భుజాలు లేవు, చాలు అనే డాక్టరూ లేడు.

1453

నా గదిలో రెండో మంచం భద్రావతిది. ఎనభై ఎనిమిదేళ్లు. పాత చీరాలను సముద్రం తీసుకుపోకముందు అక్కడ అరవై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. చేతులు ఖాళీగా ఉంచుకోవడం ఆవిడకు తెలియదు. నూలు ఇవ్వమంటే ఇవ్వరు, మెడకు చుట్టుకుంటుందని భయమట. అందుకని దుప్పటి అంచులోంచి పోగులు లాగి చిటికెనవేలికి చుట్టుకుంటుంది. “దుప్పటి పాడవుతుంది బంగారూ” అంటుంది గోడ, తేనె పూసిన గొంతుతో. “పోవే ముదనష్టపుదానా” అంటుంది భద్రావతి.

ఆవిడను ఇప్పటికి మూడుసార్లు లేపారు. రెండోసారి ఎడమవైపు పక్కటెముకలు మూడు విరిగాయి. మూడోసారి రొమ్ము ఎముక. ఇప్పుడు దగ్గాలంటే తలగడను రొమ్ముకు హత్తుకుని, ముందు నా వైపు ఒకసారి చూసి, అప్పుడు దగ్గుతుంది.

ఈ పొద్దున లోహిత్ గదికి వచ్చినప్పుడు ఆవిడే మాట ఎత్తింది.

“బాబూ, ఈసారి ఆగిపోతే నన్ను లేపబాకండి. చూడాల్సింది చూశా, నెయ్యాల్సింది నేశా.”

“అమ్మమ్మగారూ, అలా అనకూడదు. మీకింకా ఏడు నెలలే కదా!” అని ఆవిడ బుగ్గ నొక్కి వెళ్లిపోయాడు.

ఏడు నెలలంటే ఏమిటో రాయాలి, లేకపోతే చదివేవాళ్లు నాకు మతి పోయిందనుకుంటారు. మొదటి ఏడాది ఒక కుటుంబం వాళ్లు తండ్రి లేచాడన్న సంబరంలో ఉయ్యాల కుర్చీకి పూలు కట్టి, ఆయన్ని కూర్చోబెట్టి జోలపాట పాడి, చెవిలో పేరు చెప్పి బారసాల చేశారు. సరదాగానే ఉంది, పాయసం కూడా బాగుంది. ఆ సరదాను ఆఫీసువాళ్లు రూలు చేశారు. ఇప్పుడు లేచిన ప్రతివాళ్లకూ పదకొండో రోజున మలిబారసాల చెయ్యాల్సిందే. రిజిస్టరులో ఆ రోజు నుంచి వయసు మళ్లీ సున్నా. కొన్ని సెకన్లు మెదడుకు రక్తం అందలేదు కాబట్టి ఏడాది నిండేదాకా వాళ్ల మాట చెల్లదు, రిజిస్టరు భాషలో వాళ్లు ‘శిశువు’. చెవిలో పేరు ఊదినవాళ్ల గొంతును పట్టీ గుర్తుపెట్టుకుంటుంది, వాళ్లే సంరక్షకులు. భద్రావతికి ప్రతిసారీ ఊదింది కొడుకు గిరిధర్. ఏడాది నిండకముందే మళ్లీ మళ్లీ లేపడంతో ఆవిడ రెండేళ్లుగా చంటిపిల్లగానే ఉంది. ఆవిడ వద్దు అంటే అది పసిదాని మారాం కింద లెక్క.

ఒక్కసారీ లేపించుకోని వాళ్ల మాట మాత్రం చెల్లుతుంది. ముందుగానే గోడకు మూడుసార్లు ‘నన్ను లేపవద్దు’ అని చెబితే నమోదవుతుంది. ఇక్కడ ఎవరూ చెప్పరు. నన్ను ఇంతవరకు లేపలేదు. నేనూ చెప్పలేదు. రేపు చెబుదామని అనుకుంటూ ఉంటాను.

1458

కోటిలింగంగారిని లేపారు. ఇది తొమ్మిదోసారి. ఆయన పూర్వం రవాణా ఆఫీసులో పనిచేశాడు. లేవగానే “ఈ పూట టిఫినేంటి?” అని అడిగాడు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడా రూలే.

ఆయన్ని చూస్తే నాకు ఒళ్లుమంట. తొమ్మిదిసార్లు చచ్చినా ఆయనకు పెసరట్టు మీద యావ చావలేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. “నన్ను ఎన్నిసార్లయినా లేపండయ్యా, నాకింకా సరదాగానే ఉంది” అని ఆయన నోరు తెరిచి అడుగుతున్నాడు. అడిగినవాడిని లేపండి. పదోసారీ లేపండి, పెసరట్టు పెట్టండి. అడిగినవాడికీ వద్దన్నవాళ్లకూ ఒకటే పట్టీ బిగించి, దానికి ప్రేమ అని పేరు పెడితేనే నాకు కంపరం.

1460

మధ్యాహ్నం భోజనాల దగ్గర భద్రావతి గుండె ఆగింది. నేను పక్కనే ఉన్నాను. గోంగూర ముద్ద చేతిలో ఉంది. బాధేమీ లేదు, ఏదో గుర్తొచ్చినట్టు తల కొంచెం వంచింది. నా సర్వీసులో ఇంత మర్యాదగా వచ్చిన చావును నాలుగైదు కంటే ఎక్కువ చూడలేదు.

పన్నెండో సెకనుకు పట్టీ బిగుసుకుంది. ఆ చప్పుడు గురించి ఎక్కడా రాయరు. పాత కుర్చీలో లావుపాటి మనిషి కూర్చుంటే వస్తుందే, ఆ చప్పుడు. ఆరు నిమిషాలు. కోటిలింగంగారు పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. బోర్డు కింద లోహిత్ చేతులు జోడించి నిలబడ్డాడు.

కళ్లు తెరిచి భద్రావతి చుట్టూ చూసింది.

“మళ్లీనా?” అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

1471

భద్రావతి నాలుగో బారసాల. ఉయ్యాల కుర్చీకి కాగితం పూలు, ఆవిడ తలకు ఊలు టోపీ, పళ్లెంలో పోసిన బియ్యంలో వేలితో రాసిన పేరు. జోలపాట గోడ పాడింది. రొమ్ము నొప్పితో ఆవిడ కుర్చీ ఊగినప్పుడల్లా పళ్లు బిగపట్టింది. ఊపుతున్న అమ్మాయిలు అది నవ్వనుకున్నారు.

గిరిధర్ హైదరాబాదులో ఉంటాడు, అరవై దాటాయి. వేడి ముదిరి పగటి రైళ్లు ఆపేశారట, అందుకని గోడ మీద కనిపించాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

“సార్, పేరు ఊదాలి కదా, ఎలా మరి?” అన్నాడు లోహిత్.

“ఎవరో ఒకరు కానిచ్చెయ్యండి, నేను ఇక్కడ్నుంచి చూస్తుంటా” అన్నాడు గిరిధర్. “అమ్మా, బాగున్నావుగా? ఎంత ముద్దుగున్నావో!”

లోహిత్ నా వైపు తిరిగాడు. “దీవెనమ్మ అమ్మమ్మగారూ, మేనత్త వరస మీరే అనుకోండి. ఒక్క ఊపిరి.”

నాకు పెళ్లే కాలేదు, వీడు నన్ను రోజూ అమ్మమ్మను చేస్తాడు. ఇవాళ మేనత్తను కూడా చేశాడు. విసుక్కుంటూనే వంగి ఆవిడ చెవిలో “భద్రావతీ” అన్నాను. పట్టీ కీచుమంది. పాయసం వచ్చింది, అందరూ అటు తిరిగారు.

1472

పొద్దున్నే గోడ నన్ను పలకరించింది.

“దీవెనమ్మగారూ, మీ శిశువుకు ఈరోజు రాగిజావ ఇవ్వవచ్చా?”

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగలేదు. ఇంతమంది మేనేజర్లు, ఇన్ని రూళ్లు, ఇంత పెద్ద గోడ! చెవిలో ఊదినవాళ్లే సంరక్షకులని రూలు రాసుకున్న మహానుభావులే, పాయసం చల్లారిపోతుందన్న కంగారులో ఆవిడను నా చేతుల్లో పెట్టేసి వెళ్లారు. కొడుకైనా చూసుకోలేదు.

భద్రావతికి చెప్పాను. ఆవిడ పోగు చుట్టడం ఆపింది.

“అంటే నేనిప్పుడు నీ బిడ్డనా సిస్టరూ?”

“రిజిస్టర్లో అంతే.”

“అయితే అమ్మా,” అంది నవ్వుతూ. ఆ నవ్వు సగంలోనే పోయింది. “నన్ను పోనియ్యే.”

గోడకు చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత తన తేనె గొంతుతో రూలు చదివింది: “నమోదైంది. గుండె ఆగినప్పుడు ముప్పై వరకు లెక్కపెడతాను. ఆలోగా మీ మనసు మారితే పట్టీ మీద మీ అరచేయి ఆనించండి. వెంటనే లేపుతాను.”

“నా మనసు మారదు” అన్నాను దానితో.

“మరి నీ సంగతి చెప్పావా?” అంది భద్రావతి.

“రేపు చెబుతాలే.”

కన్నకొడుకులకు లేని ధైర్యం నాకుందని ఈ పూట నాకు గర్వంగానే ఉంది. వందల చావులు చూసినదాన్ని. ఈ గిరిధర్‌లాంటి వాళ్లను ఆస్పత్రి వరండాల్లో ఎంతమందిని చూశానో లెక్కలేదు. బతికుండగా నెలకోసారి పలకరించరు, పోయేటప్పుడు మాత్రం ‘ఏదైనా చెయ్యండి, ఏదైనా చెయ్యండి’ అని మా కాళ్లు పట్టుకునేవారు. ఏదైనా అంటే ఏం చేస్తామో ఒక్కడూ వచ్చి చూడడు.

1479

పొద్దున ఎనిమిదింటికి భద్రావతికి జడ వేస్తున్నాను. నాలుగు వెంట్రుకలు, వాటికో జడ. అద్దంలో ఆవిడ కళ్లు నా మీద నుంచి పక్కకు జరిగాయి. తల నా పొట్ట మీద వాలింది.

“శిశువు గుండె ఆగింది. సంరక్షకుల మాట: లేపవద్దు. ఒకటి, రెండు, మూడు” అని గోడ మొదలుపెట్టింది.

ఆవిడను మంచం మీద పడుకోబెట్టాను. పక్కన కూర్చున్నాను. పదిహేడు దాకా బాగానే కూర్చున్నాను. పద్దెనిమిది దగ్గర పెదవులు నీలం తిరగడం కనిపించింది.

నా చెయ్యి నేను పంపకుండానే వెళ్లిందని రాయాలనుంది. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు అని రాయాలనుంది. రాయను, అబద్ధం. ఈ మంచం రేపటి నుంచి ఖాళీగా ఉంటుందని అనుకున్నాను. గోడను తిట్టే మనిషి ఉండదనుకున్నాను. నాకు భయమేసింది. అరచేయి తీసుకెళ్లి పట్టీ మీద ఆనించాను.

కుర్చీ విరిగే చప్పుడు. ఈసారి తొమ్మిది నిమిషాలు. ఆ చప్పుడంతా నా చేతి కిందే.

లేచాక భద్రావతి చాలాసేపు నా వైపు చూసింది. “ఛీ” అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

1483

మాట్లాడటం లేదు. దగ్గు వస్తే నా వైపు చూడటం మానేసింది, గోడనే చూసి దగ్గుతోంది. పోగులు కూడా లాగడం లేదు. కుడిచెయ్యి సరిగ్గా లేవడం లేదు. పళ్లెంలో అన్నం కలిపి పెట్టబోతే నోరు బిగించుకుంది.

వెనక్కి తిప్పి 1472న రాసిన పేజీ చదువుకున్నాను. ధైర్యమట! గురివింద గింజ తన కింద నలుపెరగదు. వరండాలో కాళ్లు పట్టుకున్న కొడుకులకు నాకున్నంత తెలివి లేదు, అది వాళ్ల తప్పు కాదు. ఏ ఎముక ఎలా విరుగుతుందో తెలిసి తెలిసి చేసినదాన్ని నేను. ఆ పేజీ చించేద్దామనుకున్నాను. చించలేదు, ఉండనీ.

1486

లోహిత్ వచ్చి తలుపు వేసి కూర్చున్నాడు. 1479 నాటి గోడ నివేదిక చదివాడట.

“మీరు ‘లేపవద్దు’ అని చెప్పి ఉంచారా అమ్మమ్మగారూ? పద్దెనిమిది దాకా లెక్కపెట్టింది! నా గుండె ఆగినంత పనైంది.”

“ఆగితే పట్టీ ఉందిగా నీకు.”

అతనికి నవ్వు రాలేదు. “ఇంకో పద్నాలుగు రోజులే. 1500 కానివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

“1501వ రోజు నుంచి ఆవిడ ప్రాణం ఆవిడదేనన్నమాట.”

“అప్పుడు చూద్దాం.” గొంతు తగ్గించాడు. “బోర్డు సున్నా అయితే నన్ను ఇక్కడ ఉంచరండీ. నాకు మాత్రం ప్రేమ లేదా? రోజూ ఆవిడ బుగ్గ నేనే కదా నొక్కేది?”

ఇలాంటి మనిషిని తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి. పైగా ఈసారి పొరపాటు జరగనివ్వడట. పేరు పెట్టేదాకా సంరక్షకులెవరూ ఉండరు, పట్టీదే రాజ్యం. పదకొండో రోజున కొడుకునే స్వయంగా రప్పిస్తున్నాడట, రాత్రి రైల్లో సీటు కూడా తనే మాట్లాడాడట.

1490

ఐదో బారసాల.

గిరిధర్ వచ్చాడు. గోడ మీద కంటే పొట్టిగా ఉన్నాడు. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ మీద చూసేటప్పుడు ఆవిడ ముఖం ఒక్కటే కనిపిస్తుంది. చేతులు ఎంత సన్నబడ్డాయో, కూర్చోబెడితే పక్కకు ఎలా వాలిపోతుందో అతనికి ఇవాళే తెలిసింది. సంచిలోంచి ఒక నూలు చిలప తీశాడు. అద్దకం వెయ్యని తెల్ల నూలు, పెద్ద వలయంలా చుట్టి మధ్యలో ముడేసి ఉంది. ఎప్పుడో ఆవిడ అడిగిందట. లోహిత్ ముఖం మాడ్చాడు కానీ బారసాల కానుకను వద్దనకూడదని వాళ్ల రూలే.

భద్రావతి చిలపను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పదకొండు రోజుల్లో ఆవిడ ముఖం కదలడం అదే మొదలు.

జోలపాట అయింది. కొడుకు వంగాడు. భద్రావతి ఎడమచేత్తో చెవి మూసుకుంది.

“అమ్మా?”

“నువ్వొద్దురా. నువ్వు ఊదితే మళ్లా లేపుతావు.”

“నువ్వు ఉండాలనేగా నేను...”

“నేను ఉండానా? చూడు, ఉండానా?” చెయ్యి తీసి చూపించింది. “నాన్నా గిరీ, నిన్ను తిట్టడం లేదు. నీకు నేను కావాలి, తెలుసు. నాకు మాత్రం ఇంక ఏమీ వద్దురా. ఇట్టా ఎముకలు విరగ్గొట్టి కూర్చోబెడితే నీ దగ్గర ఉన్నట్టా?”

“అట్టా అనొద్దమ్మా. నువ్వు లేకపోతే ఆదివారం నేనెవరితో మాట్లాడను?” అరవై దాటిన మనిషి అందరి ముందూ ఏడ్చాడు.

ఆవిడ అతని తల నిమిరింది. నిమిరి, నా వైపు వేలు చూపించింది. “దాన్ని పిలువు.”

నేను కదల్లేదు. పదకొండు రోజుల్లో ఆవిడ నన్ను చూడటం అదే మొదలు.

“నా వల్ల కాదు భద్రమ్మా. చూశావుగా” అన్నాను.

“చూశాలే. నీకు సిగ్గేసింది. ఇక్కడ ఇంకెవరికీ వెయ్యలా. రా.”

లోహిత్ అడ్డం వచ్చాడు. కొడుకు ఎదురుగా ఉండగా పరాయివాళ్లు ఊదడమేమిటన్నాడు. ఎవరు ఊదితే వాళ్లే అన్నది మీ రూలే కదా బాబూ అన్నాను. అతను గిరిధర్ చెయ్యి పట్టుకుని, “సార్, ఈవిడ చేతికిస్తే ఏమవుతుందో మీకు తెలుసా? మీరే చెప్పండి” అన్నాడు.

గిరిధర్ తల్లిని చూశాడు, నన్ను చూశాడు. “నేను కాస్త గాలికి వెళ్లొస్తా” అన్నాడు. చెయ్యి విడిపించుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. బయట వేడి సైరను మోగుతోంది, ఆ వేళకు గాలికి వెళ్లేవాడు ఎవడూ ఉండడు.

పారిపోయాడు. పిరికివాడు. కాకపోతే అవుననీ కాదనీ చెప్పలేని మనిషి చెయ్యగలిగింది అదొక్కటే, అదైనా చేశాడు.

చెవిలో పేరు ఊదాను. సాయంత్రం గోడకు మూడుసార్లు చెప్పాను.

1493

భద్రావతి మాట్లాడుతోంది. మాట్లాడటమంటే పని చెప్పడం. చిలప విప్పి నా రెండు చేతులూ చాపించి, వాటి మీద వేస్తుంది. ఎదురుగా తలగడలకు ఆనుకుని కూర్చుని కొస పట్టుకుని ఉండ చుడుతుంది. నేను చేతులు ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచుతుంటే నూలు వస్తుంది. కుడిచెయ్యి లేవదు కాబట్టి ఎడమచేత్తోనే చుడుతోంది. గంటకు పిడికెడు కూడా కాదు.

“దీంతో ఏం చేస్తావు?” అన్నాను.

“ఏమీ చెయ్యను. నీ చేతులు ఊరుకోవు కదా, పని పెట్టా.”

“నన్ను నమ్మవా?”

“నిన్ను నమ్ముతా. వాటిని నమ్మను.”

ఉండ తిప్పుతూ మళ్లీ అదే అడిగింది. “నీ సంగతి గోడకు చెప్పావా?”

“చెబుతాలే.”

“అందరికీ చెప్పొస్తావు సిస్టరూ, నీ దగ్గరికొచ్చేసరికి మాత్రం రేపు” అని నవ్వింది. నవ్వితే నొప్పి. తలగడ హత్తుకుని, నా వైపు చూసి, దగ్గింది.

0

బోర్డు మీద ఈ పొద్దున 1495 ఉంది.

టిఫిన్ అయ్యాక తొమ్మిదిన్నరకు నూలు చుట్టడానికి కూర్చున్నాం. ఎండ అప్పటికే కిటికీ తెరల దాకా వచ్చింది. భద్రావతి వాళ్లత్త కథ చెబుతోంది. కొత్తకోడలిగా తాను మొదటి చీర నేసినప్పుడు అంచులో ఒక పోగు తప్పిపోయిందట, అత్త చూసి ఏమీ అనకుండా ఆ చీర తనే కట్టుకుని పెళ్లికి వెళ్లిందట. “ఎంత గడసరిదో చూడు, చూసినోళ్లంతా...” అంది.

నా చేతుల మీద నూలు లాగడం ఆగింది.

కళ్లు ఎత్తకముందే నాకు తెలిసింది. ఉండ ఆవిడ ఒళ్లోంచి జారి మంచం కిందికి దొర్లింది. తల కొంచెం పక్కకు వంగి ఉంది, గోంగూర ముద్ద రోజున వంగినట్టే.

“శిశువు గుండె ఆగింది. సంరక్షకుల మాట: లేపవద్దు. ఒకటి.”

పట్టీ నాకు మూరెడు దూరంలో ఉంది. చేతులు చాపి ఉన్నాయి, చిలప వాటి మీద ఉంది. తియ్యాలంటే ఒక్క క్షణం పని. పద్దెనిమిది దగ్గర పెదవులు నీలం తిరిగాయి. ఈసారి కూడా అదే భయం వేసింది, పిసరంత కూడా తగ్గలేదు. ధైర్యం వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

ఇరవై దగ్గర లోహిత్ పరిగెత్తుకొచ్చాడు. పట్టీ మీద తన అరచేయి పెట్టాడు. అది అతన్ని ఎరగదు. నా మణికట్టు పట్టుకుని లాగబోయాడు, నూలు అతని వేళ్లకు చుట్టుకుంది.

“చెయ్యి పెట్టండి! ఐదు రోజులే ఉందండీ, చెయ్యి పెట్టండి!”

“వదులు బాబూ. నూలు చిక్కుపడుద్ది” అన్నాను.

ఏమనుకున్నాడో, వదిలేశాడు. గోడ ముప్పై దాకా చెప్పి ఊరుకుంది. పట్టీ బిగుసుకోలేదు. గదిలో ఏ చప్పుడూ లేదు.

తొమ్మిదీ నలభై రెండు. నాడి లేదు. లేపలేదు.

చేతులు చాలాసేపు అలాగే పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత చిలప తీసి పక్కన పెట్టి, ఆవిడ కళ్లు మూశాను, జడ సరిచేశాను. పట్టీ విప్పేశాను. దాని కింద రొమ్మంతా పచ్చగా, నల్లగా కమిలి ఉంది. లోహిత్‌ను చూడమన్నాను. చూడకుండా వెళ్లబోతే, రోజూ బుగ్గ నొక్కినవాడివి, ఇది కూడా చూసి వెళ్లమన్నాను. చూశాడు.

హాల్లో బోర్డు మీద సున్నా పెట్టారు. కోటిలింగంగారు అన్నం ముందు లేచి నిలబడ్డాడట. ఆయన నిలబడితే అందరూ నిలబడ్డారట. ఆయనలో ఆ మాత్రం ఉందని నాకు తెలియదు.

మధ్యాహ్నం గిరిధర్ గోడ మీదికి వచ్చాడు. “నొప్పి పడిందా?” అన్నాడు.

“లేదు. కథ చెబుతూ పోయింది.”

“ఏం కథ?”

చెప్పాను. మిగతా సగం అతనికి తెలుసట, అతను చెప్పాడు. పెళ్లిలో అందరూ ఆ చీర ఎవరు నేశారని అడిగితే, తప్పిన పోగు మీద వేలు పెట్టి చూపించి ‘ఇది నా కోడలిది’ అందట ఆ అత్త. రాత్రి రైలుకు బయలుదేరి వస్తున్నానన్నాడు.

చిలపలో సగం మిగిలింది. పట్టేవాళ్లు లేరు కాబట్టి కుర్చీ వీపుకు తగిలించి నేనే చుట్టుకున్నాను.

“దీవెనమ్మగారూ, మీరు మధ్యాహ్నం ఏమీ తినలేదు. డాక్టరును పిలవవచ్చా?” అంది గోడ.

“వద్దు” అన్నాను. అది ఊరుకుంది. నన్నింకా ఒక్కసారి కూడా లేపలేదు కాబట్టి నా వద్దు చెల్లుతుంది. ఎన్నాళ్లు చెల్లుతుందో తెలియదు. భద్రావతి రెండేళ్లపాటు గొంతు చించుకున్నా దక్కని మాటను, నేను రేపు రేపు అంటూ పెట్టెలో దాచుకున్నాను.

ఉండ పక్కన పెట్టి గోడ ముందు నిలబడ్డాను. నన్ను లేపవద్దు అన్నాను. రెండోసారి మాట మధ్యలో దగ్గొచ్చింది, అది వినిపించలేదంది. మంచినీళ్లు తాగి మళ్లీ రెండోసారి, ఆపైన మూడోసారి చెప్పాను.